తాండూరు దిక్కు నల్లచార గుండు

ఇంట్ల కూసుంటే కాలు నిలుస్తలేదు. మా బిడ్డ లావణ్య కాలేజీల రాళ్ల చదువు చదివేది. నిరుడు జరమొచ్చి పానం ఇడిచింది. “అమ్మా, తాండూరు అవతల ఒక గుండుకు నల్లచార ఉన్నది, నీకు చూపిస్త” అనేది. భూమి లోపల నిప్పురసం ఎట్ల లేస్తదో గూడ చెప్పింది. గొంతు యాదికున్నది గని, ఆ మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నయ్. అన్ని పోకముందే ఆ గుండు చూడాలని బయలెల్లిన.

వికారాబాద్‌ల పొద్దున ఏడింటికి బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు. గంటన్నర లోపే తాండూరు. సీటు దొరికినా మాటిమాటికి లేచి డోరుకాడికి పోతుంటే కండక్టర్ “పెద్దమ్మా, నువ్వు నిలబడ్డంత మాత్రాన బస్సు ఉరుకదు” అన్నడు. అందరు నవ్విండ్రు.

బస్టాండ్ల ఆటో నడిపే ఖలీల్ భాయ్‌తోని “రాళ్లకాడికి పోవాలె” అన్న. తాండూరుల రాయంటే నాపరాయే గదా, సీదా గనికి తీస్కపొయ్యిండు. అక్కడ పలకలు పలకలుగ బండలు తీస్తున్నరు. చార లేదు, ఏం లేదు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బండలు మోసే ఒకామె చూసి “గుండ్లు కావాల్నంటే యాలాల్ దిక్కు పో అక్కా” అన్నది.

“ముందుగాల చెప్పొద్దా అమ్మా? పూరా పరేషాన్ చేసినవ్” అనుకుంటనే ఖలీల్ భాయ్ ఆటో తిప్పిండు. అన్ని కలిపి ఐదువందలు తీసుకున్నడు.

యాలాల్ దాటినంక గుట్ట మీద దొరికింది. బూడిదరంగు గుండు, నడుమ జానెడు నల్లచార. పక్కన గొర్లు మేపే మల్లమ్మవ్వ కూసున్నది.

“ఎంతమంది పిల్లలు చెల్లె?”

“ఒక్క బిడ్డ.”

“ఏం చేస్తది?”

గుండు చార మీద చెయ్యి పెట్టి “రాళ్ల సంగతి చెప్తది” అన్న.

“ఏం చెప్తది? జర చెప్పు, ఇందాం.”

“మస్తు లోతుల రాయి కరుగుతదట అవ్వా. కరిగింది తేలిక, అందుకే పైకి లేస్తది. దారి దొరకనికాడ ఆగి జమైతది. నీళ్ల లెక్క ఉండదు, జొన్నగట్క లెక్క, గింజల నడుమ రసం. రసం పైకి ఊరి ఒకకాడ నిలుస్తది. శాన మటుకు బయటికి రానే రాదు, లోపల్నే మెల్లగ సల్లారి గీ గుండైతది. పైనున్న మట్టి, రాయి అరిగిపోయినంక మనకు కనబడ్తది. గుండు పగిలినకాడ ఆ తర్వాత ఇంకో రసం దూరి గీ నల్లచారైతది.”

“అబ్బో! ఇన్నేండ్లు మా గొర్లు నిప్పు మీద పండుకున్నయా? మంచిగ చెప్పింది నీ బిడ్డ. ఈసారి తోల్కరా.”

“చెప్త” అన్న.

ఆటోల ఎన్కకు వస్తుంటే సమజైంది, అవ్వ అడిగేదాంక ఆ మాటలు నా దగ్గర ఉన్నట్టే నాకు తెల్వదు. ఒక్కదాన్నే యాదిజేసుకుంటే రాలే, ఇంకొకరికి చెప్తుంటే వచ్చినయ్. కాలు ఇప్పటికీ నిలుస్తలేదు. అయినా ఎవరన్న నా బిడ్డ గురించి అడుగుతే ముందటి లెక్క తప్పించుకపోతలేను.

మీరు పోతే ఆటో ఎక్కకముందే “గని కాదు, యాలాల్ దిక్కు గుండ్ల గుట్ట” అని చెప్పుండ్రి. ఒక బాటిల్ నీళ్లు ఎక్కువ పట్టుకపోండ్రి. గుండు మీద పోస్తే లోపలి గింజలు తేటగ కనబడ్తయ్.