పాడనని అక్క ఇచ్చిన మాట

మొన్నామధ్య మా మేనకోడలు, అంటే మా పెదనాన్నగారి మనవరాలు, తాను పాఠాలు చెప్పే తాడేపల్లిగూడెం కాలేజీలో ఒక కార్యక్రమం పెట్టుకున్నాననీ, తప్పకుండా రావాలనీ ఫోను చేస్తే, మోకాళ్ళ నొప్పులని కూడా చూసుకోకుండా ఏలూరులో పాసింజరు ఎక్కి వెళ్ళాను. తమ నేల కోసం, తమ నీళ్ళ కోసం పాటలు కట్టినవాళ్ళు లోకంలో ఎక్కడెక్కడ ఉన్నారో వాళ్ళందరినీ తెర మీద చూపిస్తూ, ఆ పాటల అర్థం పిల్లలకు తెలుగులో చెబుతోంది మా పిల్ల. గనుల్లో బతుకులు అరిగిపోయిన నల్లవాళ్ళు వరసగా నిలబడి కాళ్ళతో నేలను దద్దరిల్లజేస్తూ పాడారు. ఏదో కొండ దేశపు ఆదివాసులు వెదురు గొట్టాలు ఊదుతూ తమ కొండను తవ్వవద్దని పాడారు. ఆ తరువాత ఒక మంచు దేశపు ముసలావిడ, ఎగువన ఆనకట్ట కట్టేస్తే ఎండిపోయిన తన తాతల నాటి సరస్సు కోసం, తోలు వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని పాడడం మొదలుపెట్టేసరికి, భాష ఒక్క ముక్క తెలియకపోయినా నా కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కనున్న అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళ సీసా అందించింది. ఆవిడది అచ్చం మా అక్క గొంతు అని ఆ పిల్లకు ఏమని చెప్పను?

మాది కొల్లేటి నడుమ ఒక లంక గ్రామం. ఇప్పుడంటే రోడ్లు పడ్డాయి గానీ, మా చిన్నతనంలో పక్క ఊరికి పెళ్ళికి వెళ్ళాలన్నా దోనె ఎక్కవలసిందే. నాన్న నా ఊహ తెలియకముందే పోతే, అమ్మ చేపలు గంపకెత్తుకుని ఊళ్ళమ్మట తిరిగి మమ్మల్ని పెంచింది. అక్క నాకంటే బాగా పెద్దది. దోనె గడ చేతిలో ఉంటే దానికి గొంతు ఆగేది కాదు. వల దులిపేటప్పుడు పాడే పాటలు, కిక్కిస గడ్డి కోసేటప్పుడు పాడే పాటలు, ఎదురుగాలి వేస్తే గాలిని తిట్టే పాటలు, ఎన్నో వచ్చు దానికి. పొగమంచులో దారి తప్పినవాళ్ళు అక్క పాట వినబడిన దిక్కుకు దోనె తిప్పుకునేవారని మా ఊళ్ళో చెప్పుకునేవారు. నిజమో కాదో తెలియదు గానీ, వినడానికి నాకు ఎంతో గర్వంగా ఉండేది.

అక్కను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. బావ ఏలూరులో జూటుమిల్లులో పనిచేసేవాడు. హైస్కూలు చదువు కోసం నేనూ వాళ్ళింటికే చేరాను. ఆ రెండు గదుల పెంకుటింట్లో అన్నిటికంటే విలువైన వస్తువు బావ రేడియో. మిల్లు నుంచి వచ్చి, ఒంటికి అంటుకున్న నార దుమ్ము కడుక్కుని, షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పుతూ కూర్చునేవాడు. గరగరల మధ్య నుంచి ఏ దేశపు పాటో వినబడగానే మమ్మల్ని కేకేసేవాడు. మీ ఇళ్ళల్లోనూ ఆ గరగర ఉండే ఉంటుంది, మీకు గుర్తుకొచ్చే ఉంటుంది. పాడినందుకు దేశం విడిచి పారిపోవలసి వచ్చిన గాయని గురించీ, జైలు గోడ మీద తాళం వేస్తూ పాట కట్టినవాడి గురించీ బావ చెబుతుంటే, వాళ్ళంతా మా మిల్లు పేటలోనే ఎక్కడో ఉన్నారనిపించేది నాకు. అక్క మాత్రం అర్థం కోసం ఆగేది కాదు. ఒకటికి రెండుసార్లు విని, ఆ వరసను మా దోనె పాట వరసలో కలిపేసేది.

అలా మిల్లు స్నేహితులు నలుగురితో ఒక పాటల దళం తయారైంది. ఆదివారాలు దెందులూరు, అత్తిలి, గూడెం వెళ్ళి పాడేవారు. బావ ఆ దూర దేశాలవాళ్ళ కథ చెప్పేవాడు, అక్క పాడేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా కొల్లేట్లో గట్లు లేవడం మొదలైంది. బయటివాళ్ళు వచ్చి చేపల చెరువులు తవ్వుకుంటాం, ఊరికి కౌలు ఇస్తాం అంటే ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. ఆ పెద్దల్లో మా పెదనాన్న కూడా ఒకరు. వాళ్ళను తప్పుపట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. వేసవిలో నీళ్ళు వెనక్కి తీస్తే పస్తులుండే ఊరు అది. అక్క మాత్రం చిన్న దోనెలవాళ్ళు ఎక్కడికి పోతారని అడిగేది. అడిగి ఊరుకోలేక పాట కట్టింది.

"నీటికి గట్టెవరు కట్టినారే కొల్లేటమ్మా,
నీ ఒంటికి కొలతలెవరు తీసినారే" అని ఎత్తుకునేది.

కలిదిండిలో ఆ పాట పాడిన నాడు జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఆ జనంలో చెరువులు తవ్వే పెద్దమనుషులూ ఉన్నారు. మీ ఊరి ఆడపిల్లే ఇలా పాడుతుంటే మేం ఎలా వస్తామండీ అని వాళ్ళు మా పెద్దల్ని అడిగారట. అక్క ఏలూరులో ఉంది కాబట్టి కట్టుబాటు అమ్మ మీద పడింది. అమ్మతో ఎవరూ మాట్లాడకూడదు, దోనె ఎక్కించుకోకూడదు. నేను సెలవులకు వెళ్ళినప్పుడు, అక్కను మానేయమని చెప్పనా అని అడిగితే అమ్మ చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు.

"నా నోటితో నేను అన్నం తింటన్నాను, దాని నోటితో అది పాడుకుంటంది. మజ్జిలో ఎవరికే నొప్పి?" అంది.

ఆ వర్షాకాలంలోనే అమ్మ జ్వరంతో పోయింది. మేము చేరేసరికి ఇంట్లో శవం, వాకిట్లో వాన. మా ఊరి శ్మశానం నీళ్ళకు అవతల దిబ్బ మీద ఉంటుంది. నాన్న పక్కన పడుకోబెట్టమని అమ్మ ఎప్పుడూ చెబుతుండేది. బావ స్నేహితులు మోయడానికి సిద్ధంగానే ఉన్నారు, కానీ ఆ దిబ్బ ఊరిది. పెద్దలు ఒప్పుకోనిదే అక్కడ పలుగు పడదు. మధ్యాహ్నం దాకా చూసి అక్క తడి చీరతోనే పెద్దలు కూర్చున్న సావిట్లోకి వెళ్ళి నిలబడింది. వెనకాలే నేనూ వెళ్ళాను. పెదనాన్న స్తంభానికి ఆనుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. పోయింది ఆయన తమ్ముడి భార్యే కదా.

"ఆ పాట ఒక్కటీ ఇంక పాడనని మాటియ్యమ్మా. అందరం వస్తాం," అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగి, "ఒక్కదాన్ని ఎలా ఇడదీస్తాను పెదనాన్నా? అన్నీ ఒక్క గొంతులోంచేగా వచ్చేది. ఇంక ఏదీ పాడను. అమ్మని లేపండి," అంది.

లేపారు. ఊరంతా వచ్చింది. అమ్మ నాన్న పక్కకే చేరింది.

మొదట్లో నేను, ఏడాది తిరిగితే అక్క మళ్ళీ పాడుతుందిలే అనుకున్నాను. బావా అలాగే అనుకున్నాడు. కొన్నాళ్ళు చూసి, ఒకనాడు పట్టలేక, జైళ్ళకూ తుపాకులకూ జంకని వాళ్ళ పాటలు ఇన్ని విని నలుగురు పెద్దల ముందు తలవంచుతావా అని అరిచేశాడు. అక్కకు కోపం రాలేదు.

"ఆళ్ళ అమ్మల్ని మొయ్యడానికి మనుషులు దొరికారేమోనండీ," అంది అంతే.

బావ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దళంలో ఎవరి దారి వారిదైపోయింది. తరువాత అక్కకు కొడుకు పుట్టాడు. పసివాణ్ణి నిద్రపుచ్చేటప్పుడు జోల కూడా లేదు. వీపు మీద తడుతూ కూర్చునేది, పక్క గదిలోకి గాజుల చప్పుడు మాత్రం వినబడేది. చదువుకుంటూ నేను పుస్తకంలో తల దూర్చి ఏడ్చేదాన్ని.

ఏళ్ళు గడిచాయి. బావ పోయాడు, పెదనాన్నా పోయాడు. నేను పంతులమ్మనై, రిటైరు కూడా అయ్యాను. మా ఊళ్ళో కౌళ్ళు ఎవరి చేతుల్లోకో వెళ్ళాయి. దోనెలు నడిపినవాళ్ళ పిల్లలు చెరువుల గట్ల మీద కాపలా కూర్చుంటున్నారు. తాగే నీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. అక్క పోవడానికి కొద్ది నెలల ముందు మా మేనకోడలు ఫోనులో రికార్డు చేసుకుందామని వచ్చి, అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. కట్టుబాటు పెట్టిన తాతగారి మనవరాలే వచ్చి బతిమాలుతుంటే, ఇంకేం అడ్డం ఉంటుందని నేనూ ఆశపడ్డాను.

"మాట తీసుకున్న పెద్దలంతా ఎప్పుడో పోయారు కదత్తా. ఒక్కసారి పాడండి," అంది ఆ పిల్ల.

అక్క దాని తల నిమిరి, "తీసుకున్నోళ్ళు పోయారమ్మా. ఇచ్చినదాన్ని ఉన్నాను కదా," అంది. కాసేపటికి పెదవులు కదిలాయి. నేను ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపాను. మంచినీళ్ళు అడిగింది.

పోయిన వానల్లో అక్క వెళ్ళిపోయింది. మోయడానికి మనుషులకేం తక్కువ లేదు, లంక నుంచి బస్సు కట్టించుకుని మరీ వచ్చారు. ఆ పాట తెలిసినవాళ్ళు మాత్రం వాళ్ళలో ఒక్కరూ లేరు. నాకు తెలిసింది ఆ రెండు పాదాలే. ఆ తరువాత వరస మనసులో తిరుగుతుంది గానీ మాటలు రావు. అలవాటుగా వింటున్నప్పుడు, ఇది ఎప్పటికీ ఉంటుందిలే అనుకుంటాం కదా.

మా రోజుల్లో ఒక ఆడమనిషి పాడితే గట్టు ఆగిపోతుందేమోనని ఊరి పెద్దలు నిజంగానే భయపడ్డారు. తప్పో ఒప్పో, పాట అంత పని చేయగలదని వాళ్ళు నమ్మారు. ఇప్పుడు మా లంకలో ఎవరు ఏం పాడుకున్నా అడ్డు చెప్పేవారు లేరు, వెలి వేసేవారు లేరు. సాయంత్రం వేళ గట్టు మీద నిలబడితే చెరువుల్లో చేపలకు గాలి అందేలా నీళ్ళు చిలికే మిషన్ల హోరు ఒకటే వినబడుతుంది. ఆ హోరులో ఎవరైనా పాడుతున్నా మనకు తెలియదు.