నా పేరు కొట్టేసిన ప్లేస్‌మెంట్ సార్

మా ప్లేస్‌మెంట్ సార్ పోయారన్న కబురు నాకు మంగళవారం పొద్దున కళ్యాణదుర్గంలో, మా షెడ్డు ముందు నిలబడి ఉండగా తెలిసింది. అనంతపురం యూనివర్సిటీలో నాతోపాటు చదివిన స్నేహితురాలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "మేయ్, సార్ పోయినారు. స్నానానికి పోయి పడిపోయినారంట" అంది. నేను "ఊ" అని ఫోన్ పెట్టేశాను. ఎదురుగా ఒక రైతు వేరుశనక్కాయల మూట విప్పుకుని కూర్చున్నాడు. మొలక పరీక్షకు ఆయన గింజలు నూరు నేను లెక్కపెట్టాలి. అరవై దాకా వచ్చి మరిచిపోయాను. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మరిచిపోయాను.

"ఏమైంది పాపా?" అన్నాడు రైతు.

"మా సార్ పోయినాడన్నా."

"చదువు చెప్పిన సారా?"

సార్ మాకు ఒక్క పాఠం కూడా చెప్పలేదు. ఆయనకు క్లాసు లేదు, నల్లబల్ల లేదు. ఆఫీసు బిల్డింగు చివర, మెట్ల పక్కన ఒక గది ఉండేది. దాని తలుపుకు మూడు బోర్డులు: ఉద్యోగాలు ఒకటి, సొంతంగా పని పెట్టుకునేవాళ్లకు ఒకటి, గ్రామసేవ ఒకటి. మూడింటికీ కలిపి ఆయనొక్కడే. ఎవరైనా మూడు పనులు ఎలా చేస్తున్నారు సార్ అంటే, "యాడ మూడు? అంతా ఒకటే గదప్పా. ఎవురికి ఏం కావల్లో కనుక్కోని పో, అంతే" అనేవారు.

ఇది చదివే మీకు ముందే చెప్పేస్తాను. నాకు ఆయన మీద పదకొండేళ్ల కోపం ఉంది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆయనలో మంచి రాయడానికి నేను కష్టపడక్కర్లేదు, కావలసినంత ఉంది. కానీ ఆ కోపం దాచి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయన బీరువాలో ఫైళ్లకంటే చొక్కాలు ఎక్కువ. ఇస్త్రీ చేసినవి, రకరకాల సైజులవి. కింది అరలో నాలుగైదు జతల బూట్లు. ఊళ్ల నుంచి హవాయి చెప్పులతో ఇంటర్వ్యూకు వచ్చే పిల్లల కోసం అవి. వేసుకుని వెళ్లినవాడు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చి మళ్ళీ అక్కడే తగిలించాలి. మా ఆడపిల్లలకైతే టేబుల్ సొరుగులో పిన్నీసుల డబ్బా. ఉద్యోగం వచ్చి వెళ్లినవాళ్లకు నెలలోపు ఫోన్ చేసేవారు. జీతం ఎంత, హోదా ఏమిటి అని అడగరు. "యాడ తింటాండావు?" అని అడుగుతారు. బెంగళూరులో మొదటి నెల ఆ ఒక్క ప్రశ్నకు బాత్‌రూములో కూర్చుని ఏడ్చామని చెప్పినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

ఆయన పెట్టిన ఒక పద్ధతి మాత్రం యూనివర్సిటీలో అందరికీ నవ్వులాట. ఏ కంపెనీకైనా మన పేరు పంపాలంటే ముందు కుందుర్పి పక్కన ఒక పల్లెలో పాల కేంద్రం దగ్గర ఇంటర్వ్యూ పాసవ్వాలి. పొద్దున్నే పాలు పోయడానికి క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడినవాళ్లకు మనం ఏం చదివామో, దాంతో ఏం చేస్తామో చెప్పాలి. మనం బాగా మాట్లాడామా లేదా అన్నది సార్‌కు అక్కర్లేదు. మనల్ని పక్కకు పంపేసి ఆ జనాన్ని అడుగుతారు: "ఈ పిల్లోడు ఏం చెప్పినాడు?" వాళ్లు తిరిగి చెప్పగలిగితే సంతకం. లేకపోతే వచ్చే వారం మళ్ళీ రావాలి.

కంప్యూటర్ క్లాసు ఫస్టు కుర్రాడు తన చదువు గురించి పది నిమిషాలు దంచాడు. సార్ ఒక ముసలామెను అడిగితే, "ఏందో మిషన్లు రిపేరీ చేస్తాడంటనప్పా. మా ఫ్యాను ఒగటి ఉండాది, చూడమను" అంది. వాడు మూడు వారాలు తిరిగాడు. మూడోసారి అదే ముసలామె, "ఈ పొద్దు బాగ చెప్పినాడు. పాపం, పాసు చెయ్యి సారూ" అని సిఫారసు చేసింది. వాడిప్పుడు పెద్ద కంపెనీలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఆ ముసలామె ముందు వణికినట్టు మళ్ళీ ఎక్కడా వణకలేదని వాడే చెబుతుంటాడు.

నేను మొదటిసారికే పాసయ్యాను. మాది వేరుశనగ వేసే ఇల్లు. నేను చదివింది పంటల చదువు. వాళ్ల భాష నాకు కొత్త కాదు. అదే నా కొంప ముంచింది.

ఆఖరి ఏడాది గ్రామసేవ క్యాంపు అదే పల్లెలో జరిగింది. విత్తనానికి ముందు రోజులు. మేం చేసింది చిన్న పని. రైతు మూటలోంచి కాయలు తీసి, ఒలిచి, నూరు గింజలు తడి గోనెపట్టలో పేర్చి చుట్టి పెట్టడం, నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో చూసి చెప్పడం. మా నేలలో వాన ఒకసారి వస్తుంది. ఆ తడిలో వేసింది మొలిస్తే మొలిచినట్టు, లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. అందుకని మేం చీటీ మీద రాసిచ్చే మాట కోసం జనం నిజంగానే ఎదురుచూసేవారు.

ఆ ఊళ్లో ఒక అక్క ఉంది. భర్త లేడు, మూడెకరాలు తానే చూసుకుంటుంది. "పాపా, ఇవి ఏసుకోవచ్చునా? మా అన్న వాళ్లింట్లో ఇత్తనం ఇస్తామంటాండారు. తెచ్చుకోమంటావా?" అని అడిగింది. "అక్కర్లేదక్కా. నూటికి తొంబై పైనే మొలిచినాయి. ఏసుకో" అన్నాను. చీటీ మీద సంతకం కూడా పెట్టాను. క్యాంపులో లీడర్ని నేను.

కాయలు నేను మూట పైనుంచి తీశాను. చెయ్యి అడుగుదాకా పోనివ్వలేదు. అడుగున నేల చెమ్మకు సగం మూట చెడిపోయి ఉంది. ఒలిచే రోజు కూలివాళ్లు గింజ రంగు చూసి అనుమానపడితే అక్క నా చీటీ చూపించి, "సదువుకున్న పాప రాసిచ్చింది" అందట. వాన పడింది. వేసింది. చేనులో సగం సాళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

ఆ కబురు సార్‌కు చేరిన మరుసటి రోజే మా క్యాంపస్‌కు ఒక విత్తనాల కంపెనీ వచ్చింది. నేను రెండేళ్లుగా ఆ కంపెనీ కోసమే చదివాను. మా నాయన నాకోసం కొత్త చెప్పులు కొని పంపాడు. వరసలో నిలబడి ఉంటే సార్ జాబితా పట్టుకుని వచ్చారు. అందరి ముందూ జేబులోంచి పెన్ను తీసి నా పేరు కొట్టేశారు.

"పాపా, నువ్వు నాతో కుందుర్పి బస్సెక్కు."

"ఇంటర్వ్యూ అయినాక వస్తాను సార్. మధ్యాన్నం కల్లా అయిపోతాది."

"నేలలో ఈ పొద్దు తేమ ఉండాది. రేపటికి ఉండదు."

"నేనొక్కదాన్నే చెయ్యలేదు సార్. అందరం చేసినాము."

"మాట చెప్పింది నువ్వు. ఆ యమ్మ నీ మొహమే చూడల్ల."

ఇప్పుడు ఫోన్ చేసి కబురు చెప్పిన స్నేహితురాలు ఆ రోజు నా వెనకే వరసలో నిలబడి ఉంది. క్యాంపులో నాతోపాటు గోనెపట్టలు చుట్టిన అమ్మాయే. ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది.

బస్సులో రెండు గంటలు నేను సార్‌తో మాట్లాడలేదు. చేను గట్టు మీద అక్క కూర్చుని ఉంది. సార్ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అక్కా, పిల్లోల్లది కాదు తప్పు. ఎట్ల తియ్యల్లో చూపియ్యకుండా పంపినా. నాది" అన్నారు. అక్క ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత ముగ్గురం ఖాళీ సాళ్లలో కంది, అలసంద గింజలు పెట్టుకుంటూ పోయాం. సార్ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, పుల్లతో గుంత చేసి, రెండేసి గింజలు వేసి, కాలితో మన్ను తోసేవారు. పొద్దు వాలేదాకా వంచిన నడుం ఎత్తలేదు. నేను ఏడుస్తూ గింజలు పెట్టాను. అది అక్క కోసమా, నా ఉద్యోగం కోసమా అంటే అప్పుడు మాత్రం ఉద్యోగం కోసమే.

వారం తర్వాత మా నాయన ఆ మెట్ల పక్క గదికి వెళ్లాడు. నేను తలుపు బయట నిలబడ్డాను.

"ఏమప్పా సారూ, నా బిడ్డ నోటికాడి కూడు తీసేస్తివి గదప్పా."

"తీసినానన్నా" అన్నారు సార్. మా నాయన కొట్లాటకు సిద్ధపడి వెళ్లినవాడు, ఎదుటి మనిషి ఒప్పేసుకునేసరికి బయటికి వచ్చేశాడు.

ఆ ఏడాది ఇంకే కంపెనీ రాలేదు. ఇంట్లో కూర్చున్నాను. మరుసటి వేసవిలో ఆ అక్కే మూట నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. "ఈ తూరి అడుగునుంచి తియ్యి పాపా" అంది. నామీద నాకే లేని నమ్మకం ఆమెకు ఉన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. అలా మొదలైంది నా పని. సార్‌కు ఎలా తెలిసిందో తెలిసింది. షెడ్డుకు కావలసిన దరఖాస్తులన్నీ తానే రాసి పంపారు. నేను సంతకాలు పెట్టాను, ఒక్క మాట ఫోన్ చేసి చెప్పలేదు. ప్రతి ఏడాదీ పిల్లల్ని నా దగ్గరికి సేవకు పంపేవారు. తానూ వచ్చేవారు. గేటు దగ్గరే నిలబడి, "పాప బాగుండాదా?" అని పనివాళ్లను అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. నేను లోపలినుంచి చూసేదాన్ని. బయటికి వెళ్లాలంటే నాలుగడుగులు. పదకొండేళ్లలో ఆ నాలుగడుగులు వెయ్యలేదు.

మీరనుకోవచ్చు, ఆయన అలా చేయబట్టే కదా ఈ రోజు ఇంతమందికి పనికొస్తున్నావు అని. అందరూ ఇదే అంటారు. నేను బాగుపడ్డాను కాబట్టి ఆ రోజు చేసింది ఒప్పయిపోదు. పదిమంది చేసిన పనికి ఒక్కదాని పేరే కొట్టేశారు. కానీ నా షెడ్డులో చీటీ రాసే ప్రతిసారీ, సంతకం పెట్టేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నాకు నేర్పింది కూడా ఆయనే. ఈ రెంటిలో ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండు నెలల కింద ఆయన ఫోన్ చేశారు. అప్పటికి రిటైరై ఏడాది అయింది. షెడ్డులో ఆరుగురు రైతులు వరసలో ఉన్నారు.

"పాపా, పనిలో ఉండావా?"

"ఉండాను సార్. చెప్పండి."

"ఒక మాట అడగల్ల. ఆ పొద్దు నీ పేరు కొట్టేసినా గదా. అది తప్పంటావా?"

పదకొండేళ్లు నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. అది వచ్చినప్పుడు నేనన్నది, "ఇప్పుడెందుకు సార్ అవన్నీ?"

"సరే పాపా. పని చూసుకో. మళ్ల మాట్లాడదాం" అని పెట్టేశారు. సాయంత్రం చేద్దామనుకున్నాను. విత్తనాల హడావుడి తగ్గాక చేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొంచెం వేచి ఉండనీ, నేనెన్నేళ్లు వేచి ఉన్నానో తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అనుకున్న మాట అది.

బుధవారం అనంతపురం వెళ్లేసరికి మట్టి వేయడం అయిపోయింది. ఎక్కడెక్కడినుంచో పాత పిల్లలు వచ్చి సార్ ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఒకరినొకరు ఉద్యోగాల గురించి కాక, ఆ మూడు బోర్డుల గదిలో ఎవరికి ఏ చొక్కా ఇచ్చారో అడుగుతున్నారు. సార్ భార్య నన్ను చూసి, "పాపా, నువ్వు వచ్చినావా" అని చెయ్యి పట్టుకుంది. నేనెవరో ఆమెకు తెలిసి ఉంటుందని నేననుకోలేదు.

తిరుగు బస్సులో కుందుర్పి అక్క నా పక్కన కూర్చుంది. ఆమె కూడా వచ్చిందని అప్పుడే చూశాను. ముందు రోజు వాన పడింది. దారికి రెండు పక్కలా విత్తనం వేస్తున్నారు.

"ఉగాదికి మా ఇంటికొచ్చినాడు పాపా ఆ సారు" అంది అక్క, ఉన్నట్టుండి. "మజ్జిగ తాగినాడు. ఆ పాప పేరు కొట్టేసినా, తప్పు చేసినానా అక్కా అని నన్నడిగినాడు. శానా తూర్లు అడిగినాడు. నాకేం తెలుసునప్పా, ఆ పాపనే అడుగుపో అన్నా."

నేను చేతుల్లోని సంచి ముడి విప్పి మళ్ళీ కట్టాను.

"మళ్ల అడిగినాడా నిన్ను?"

"అడిగినాడక్కా."

"ఏం చెప్పినావు పాపా?"

బస్సు ఒక ఊరి దగ్గర ఆగింది. ఎవరో విత్తనం మూటలు పైకెక్కిస్తున్నారు. కిటికీ అవతల ఎర్రటి తడి చేనులో విత్తే గొర్రు వెనకాల ఒకామె వంగి, గుప్పిట్లోంచి గింజలు వదులుతూ పోతూ ఉంది. ఆమె చేను చివరిదాకా వెళ్లి మళ్ళీ ఇటు తిరిగింది. అక్క ఇంకా నా మొహంలోకే చూస్తూ కూర్చుని ఉంది.