నిప్పులో పుట్టిన చీర

ఏ బట్ట చూసినా మా మేనత్త అంచు నలిపి, "ఇది మడికి పనికొస్తాదా?" అని అడిగేది. పట్టుకైతే పేచీ లేదు. నూలుచీర రోజూ తడిపి ఆరేయాలి. వేసవిలో కర్నూలు బావుల్లో నీళ్లెక్కడివి?

యాభైల చివర్లో ఆమెకు బొంబాయి నుంచి నైలాన్ చీర తెచ్చాను. నైలాన్ గుళికలను నిప్పు మీద కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి మురుకులు వత్తినట్టు వత్తి, చల్లారాక లాగి దారం తీస్తారని చెప్పాను.

"నిప్పులో పుట్టినదానికి మైల యాడిదిరా?" అని తేల్చేసింది. ఇక వంటకు అదే కట్టింది.

ఒకరోజు పొయ్యిలోంచి నిప్పురవ్వ పడి కొంగు కరిగింది. నలిపి ఆర్పబోతే వేలికంటుకుని దారంలా సాగింది.

"నువ్వు చెప్పింది నిజమేరా, దారమొస్తాండాది," అంది, కాలిన వేలు చూసుకుంటూ.

మర్నాడు నీళ్లు మోసుకొచ్చి నూలుచీర తడిపింది. నైలాన్ చీర ఏమైందని అడిగాను.

"దాని మనసు పుట్టింటికే లాగుతాండాది. పొయ్యికాడ పెట్టుకోగూడదప్పా."