ఈ ఏడు కాయలో ఘాటు లేదు

గుంటూరులో మాచర్ల బస్సు పొద్దున ఆరున్నరకి. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్ నెల అది. పాసింజరు రైళ్ళు ఇంకా వెయ్యలేదు కాబట్టి బస్సే గతి. ఆ నెలల్లో ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు సీటు చూసుకోవడం మంచిది. కుడివైపు కూర్చుంటే సత్తెనపల్లి దాటినప్పటి నుంచీ ఎండ ఒంటి మీదే ఉంటుంది. నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

నేను బయల్దేరింది మా అక్క దగ్గు విని. అక్క పేరు మరియమ్మ. గురజాల దాటాక రెంటచింతల వైపు ఒక పల్లెలో ఉంటుంది. బావ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మిరపకాయలు కోసి, ఆరబోసి, రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రీ. ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. "కాయ దగ్గేలే చిన్నీ, ఏటా వచ్చేదేగా," అని పెట్టేసింది. నిజమే, కాయ సీజన్లో ఆ ఊళ్ళల్లో దగ్గని మనిషి ఉండడు. కానీ నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి హిందీ చెప్పినదాన్ని. సాకు చెప్పే గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఎట్లాగైనా లాక్కెళ్ళి పరీక్ష చేయించాలని రాత్రే సంచి సర్దుకున్నాను.

ఎక్కేటప్పుడు కండక్టరు అందరి మొహాలూ చూశాడు. అందరికీ మాస్కులున్నాయి. ఊరు దాటేసరికి అవన్నీ గడ్డాల కిందికి దిగాయి. ఒకాయన చెవికి తగిలించి వదిలేశాడు, మొలకి తాళాలగుత్తి వేలాడదీసుకున్నట్టు. సత్తెనపల్లి పొలిమేరలో పోలీసులు కనపడగానే ఒక్క క్షణంలో మాస్కులన్నీ పైకి లేచాయి, జీపు వెనకబడగానే మళ్ళీ దిగాయి. క్లాసులో నేను వెనక్కి తిరిగితే పిల్లలు చేసే పనే ఇది. నవ్వు రావలసింది, రాలేదు.

నా ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన దాచేపల్లి దగ్గర రైతు. మాస్కు పెట్టుకోండి బాబాయ్ అంటే వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూశాడు.

"మేం పల్నాడోళ్ళం తల్లా. గొడ్డుకారం తిని పెరిగినోళ్ళం. ఆ రోగం మా ఒంట్లోకొస్తే దానికే దగ్గొచ్చిద్ది."

బస్సంతా నవ్వింది. టీకా వేసుకున్నారా అని అడిగాను. "లేని జొరం డాక్టరు కాడికి పోయి తెచ్చుకోటం ఎందుకూ?" అన్నాడు. వెనక నుంచి ఎవరో అల్లం మిరియాల కషాయం గురించి అందుకున్నారు. ఇంకొకరు వేపాకు అన్నారు. పిడుగురాళ్ళ వచ్చేదాకా ఆ వైద్యమే నడిచింది.

పిడుగురాళ్ళలో ఒకతను ఎక్కాడు. లారీ మెకానిక్కట, చేతుల మీద గ్రీజు మరకలు. మొహానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు. పెద్దాయన ఊరుకోలేదు.

"ఏంది సాయిబూ, రెండేసినావు?"

"ఒకటి మా అన్నది పెద్దాయనా. ఆయన వేసుకోలా," అన్నాడతను.

 పెద్దాయన కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. దాచేపల్లిలో దిగేదాకా అది అక్కడే ఉంది.

గురజాలలో దిగేసరికి పదిన్నర దాటింది. హోటళ్ళలో కూర్చోనివ్వడం లేదు, పొట్లమే. బస్టాండు పక్క అరుగు మీద నిలబడి రెండు ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే ఆటోలో ఏడుగురం. ఎడంగా కూర్చోవాలని రేడియో చెబుతూనే ఉంది ఆటోలో.

అక్క ఇంట్లో లేదు, కల్లంలో ఉందన్నారు. ఊరి బయట మిరపకాయలు ఆరబోసే కల్లం దూరాన్నించే ఎర్రగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఘాటు ముక్కు పగలగొట్టింది. తుమ్ముల మీద తుమ్ములు. కళ్ళ నీళ్ళతో దారి కూడా సరిగ్గా కనపడలేదు. పది మంది దాకా ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని తాలు ఏరుతున్నారు. మధ్యలో అక్క. దగ్గుతూ ఏరుతోంది, ఏరుతూ దగ్గుతోంది.

నన్ను ఆశ్చర్యపరిచింది దగ్గు కాదు. వాళ్ళెవరి ముక్కుకీ గుడ్డ లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ కాయ పనికి పోయే ఆడవాళ్ళు పాత చీర ముక్కతో ముక్కూ నోరూ బిగించి కట్టుకోవడమే చూశాను. దేశమంతా మూతికి గుడ్డ కట్టుకొమ్మని మొత్తుకుంటున్న ఏడు, ఎప్పుడూ కట్టుకునేవాళ్ళు విప్పేశారు. చీర ముక్కలు మెడల్లో వేలాడుతున్నాయి.

"అక్కా, ముక్కుకి గుడ్డలేవే మీకు?" అన్నాను.

"ఈ ఏడు కట్టట్లా. ఘాటు లోపలికి పోవాలంటే! గొంతులో పురుగుంటే ఘాటుకి చచ్చిద్ది. నేనే చెప్పినా అందరికీ. చూడు, మా ముఠాలో ఒక్కదానికన్నా జొరం వచ్చిందేమో."

చెబుతుంటే ఆమె మొహంలో గర్వం ఉంది. తన మనుషుల్ని తనే కాపాడుకుంటున్నానని నమ్మింది మా అక్క. అంత కోపంలోనూ నాకు ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది.

నేను మళ్ళీ తుమ్మాను. అక్క నవ్వింది. "పట్నం ముక్కు! అయినా ఏముందే తుమ్మటానికి? ఈ ఏడు కాయలో ఘాటే లేదు. నాలుగైదు రోజుల్నించి చూస్తన్నా. నేల బాలేదో, మందులెక్కువ కొట్టారో."

పక్కన కూర్చున్న సుగుణ చెయ్యి ఆగింది. ముఠాలో అందరికంటే చిన్నది ఆ అమ్మాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అదేంది మేస్త్రమ్మా? మాకు ముక్కులు పగిలిపోతంటే."

అక్క అందర్నీ చూసింది. అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, అందరి ముక్కులూ కారుతున్నాయి. తన కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. ఒక కాయ తీసుకుని విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. ఇంకా ఎర్రటిది ఇంకొకటి ఏరి విరిచింది. చివరికి గింజలతో సహా నోట్లో వేసుకుని నమిలింది.

"గడ్డి నమిలినట్టుందే," అంది నాతో, చాలా చిన్నగా.

వాసన పోవడమంటే ఏమిటో ఆ ఏడు తెలియని ఇల్లు లేదు. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అక్క మెడలో గుడ్డ తీసి ముక్కుకి బిగించి కట్టుకుంది. లేచి కుప్పకి దూరంగా జరిగింది.

"గుడ్డలు కట్టండే అందరూ. నా కాడికెవరూ రామాకండి. సుగుణా, నువ్వు గూడా," అంది.

 ఆమె విప్పమన్నప్పుడు ఎట్లా విప్పారో ఇప్పుడు అట్లాగే కట్టుకున్నారు.

గురజాల ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టిన నర్సు, ఇంకో వేలికి మార్చి మళ్ళీ చూసింది. ఆక్సిజన్ తగ్గింది, నరసరావుపేట తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో అక్క తల నా ఒళ్ళో పెట్టుకోనివ్వలేదు. చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు. దారంతా ఒకటే మాట. "చిన్నీ, ఆ పిల్లలకేమన్నా అయితే ఎట్లానే?" ఆమె ఊపిరి గురించి నేను ఏడుస్తుంటే, ఆమె ముఠా వాళ్ళ ఊపిరి గురించి ఏడుస్తోంది.

నరసరావుపేటలో చేరేసరికి సాయంత్రం నాలుగైంది. మంచం దొరకడమే ఆ రోజుల్లో అదృష్టం, దొరికింది. వెంట ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. తలుపు దగ్గర అక్క ఆగింది.

"ముఠాకి నువ్వే ఫోన్ చెయ్యి. మేస్త్రమ్మ తప్పు చెప్పిందని చెప్పు. అందర్నీ పరీక్ష చేయించుకోమను."

"నువ్వొచ్చి చెబుదువుగాని," అన్నాను.

"నువ్వు చెప్పవే," అంది గట్టిగా. ఆ కసురుకోవడం చూసి బాగానే ఉంది అనుకున్నాను.

బస్టాండు దగ్గర లాడ్జీలో గది తీసుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే కుర్చీలో ఉన్నాయన వెనక్కి జరిగి కూర్చున్నాడు కానీ, తాళం ఇచ్చాడు. పొద్దున ఇడ్లీ పొట్లం, రాత్రి అరటిపళ్ళు. రోజూ ఆసుపత్రి గేటు దగ్గర నాలాంటి వాళ్ళతో నిలబడేదాన్ని. అక్కడ మాత్రం ఎవరి మాస్కూ గడ్డం కింద లేదు. అక్క చెప్పమన్న మాట సుగుణకి చెప్పాను, తర్వాత కూడా రోజూ ఫోన్ చేశాను. ముఠాలో ముగ్గురికి జ్వరం వచ్చింది, మందులతో తగ్గింది. ఆ సంగతి లోపలికి చెప్పి పంపితే అక్క చెయ్యి ఊపిందని వార్డు ఆయమ్మ వచ్చి చెప్పింది.

వారం తిరక్కుండానే, ఒక తెల్లవారుజామున అక్క పోయింది.

సుగుణకి ఆ మాట ఒక్కటే చెప్పగలిగాను. ఊరికి తీసుకెళ్తానంటే వీల్లేదన్నారు, అప్పటి పద్ధతి అది. మధ్యాహ్నానికల్లా నరసరావుపేటలోనే సమాధి చేశారు. తెల్లటి సంచీలో ఉంది, మొహం చూడలేదు. నేను దూరంగా నిలబడి తెలిసిన ప్రార్థన చెప్పుకున్నాను. పాట పాడటానికి ఒక్క గొంతు సరిపోలేదు, మధ్యలో ఆగిపోయింది.

రెండు గంటలకి గుంటూరు బస్సు ఎక్కాను. సగం సీట్లు ఖాళీ. ఈ ప్రయాణంలో కలిసిన వాళ్ళని మొండివాళ్ళనుకుంటూ వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అట్లా అనుకోలేకపోయాను. పల్నాడులో మనుషులు రోగాన్ని లెక్కచెయ్యక కాదు, చేతిలో ఉన్నదాన్నే మందు అని నమ్మారు. చేతిలో ఉన్నది కారం. దాన్ని నమ్మి మా అక్క తనకి ఇష్టమైన వాళ్ళందరికీ పంచింది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక నాకు ఏడుపొక్కటే వచ్చింది.

ఫిరంగిపురం దగ్గర ఫోన్ మోగింది. సుగుణ.

"అమ్మా, మేస్త్రమ్మని ఎన్నింటికి తెస్తన్నారు? గుంట తీయించాం. పని మానుకోని అందరం ఇక్కడే కూచున్నాం."

ఎంతసేపు దాచగలను?

"తేవట్లేదు సుగుణా. మట్టి నరసరావుపేటలోనే అయిపోయింది. ఎవర్నీ రానివ్వలేదు."

 అటువైపు ఆమె పక్కవాళ్ళకి చెప్పడం, ఒకరి తర్వాత ఒకరు ఏడవడం వినిపించింది. తర్వాత మళ్ళీ సుగుణ గొంతు.

"అందరం గుడ్డలు కట్టుకునే వచ్చేవాళ్ళం గదమ్మా," అంది.