పరుపుతో నేర్పిన ఫుల్‌బ్యాక్ ఆట

సింగపూరులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల్లో మా మనవరాలిని మించిన ఫుల్‌బ్యాక్ లేదు. ఆమెను తయారుచేసినవాణ్ణి నేనే. హౌగాంగ్‌లో మా ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, పాత పరుపొకటి నిలబెట్టి, డెబ్బై దాటిన ఈ నడుముతో స్వయంగా తర్ఫీదు ఇచ్చాను. నమ్మనివాళ్లు పరుపుని అడగవచ్చు.

ఆ ఆట చూడనివాళ్లకు ఒక మాట. ఫుల్‌బ్యాక్ చేతికి బంతి రావడం అరుదు. వెనక ఒకరు బంతి పట్టుకుని పరిగెత్తుతుంటే, తాను ముందు దూసుకుపోయి, అడ్డొచ్చినవాళ్లను తోసి దారి చెయ్యాలి. చప్పట్లు వెనకవాళ్లకి, దెబ్బలు ముందువాళ్లకి. మా పిల్ల ఏడాదిగా ఆ జట్టులో బెంచీ మీదే ఉంది. ఉన్న ఫుల్‌బ్యాక్ చదువుకని వెళ్లిపోవడంతో చోటు ఖాళీ అయింది. కోచ్ రెండు ఆదివారాలు ఆడించి చూస్తానన్నాడు. అప్పటికీ కుదరకపోతే చోటు వేరే అమ్మాయికి.

"తాతా, నాకిది కావాలి, సీరియస్‌లీ. మళ్లీ ఆ బెంచ్ మీద కూర్చోలేను లా." ఇక్కడి పిల్లలు ఏ మాటకైనా చివర ఆ 'లా' తగిలిస్తారు.

"చెడుగుడులో నా పట్టు విడిపించుకుపోయినవాడు ఈ దీవిలో లేడమ్మా. రా, నేర్పిస్తా."

మోకాళ్లు వంచాలి, తల పైకెత్తాలి, ఎదుటివాడి నడుం మీద చూపు ఉంచాలి. ఇక్కడిదాకా బాగానే నేర్పాను. ఆ తర్వాతే, దొరికిన నడుం వదలకూడదన్నాను.

"పట్టుకోకూడదు తాతా, తోయాలి అంతే."

"పట్టడం వచ్చినవాళ్లకి తోయడమెంతసేపు?"

వారమంతా ఆ పిల్ల పరుపుని వాటేసుకుని కింద పడేసింది. పై అంతస్తు తమిళ ఆంటీ లిఫ్టు దగ్గర ఆగి, "అంకుల్, ఆ పరుపు ఏం తప్పు చేసింది?" అని కూడా అడిగింది.

మొదటి ఆదివారం వచ్చింది. మా పిల్ల బాణంలా వెళ్లి ఎదుటి అమ్మాయి నడుం పట్టి పడేసింది. అంపైరు పసుపుపచ్చ గుడ్డ ఒకటి గాలిలోకి విసిరాడు. మన సభల్లో కప్పే శాలువా లాంటిది కాబోలనుకుని లేచి చప్పట్లు కొట్టాను. మళ్లీ పట్టింది, మళ్లీ గుడ్డ, మళ్లీ నా చప్పట్లు. పక్కనున్న మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. "ఏమండీ, ఇంకెవరూ కొట్టట్లేదు. ఆ గుడ్డ వేసేది తప్పు చేస్తేనట. కూర్చోండి."

తిరుగు రైల్లో మనవరాలు కిటికీ వైపే చూస్తూ అంది. "రూల్ నాకు తెలుసు తాతా. చేతులే వినట్లేదు."

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. నేను చెడుగుడు ఆడిన మాట నిజమే. నా పట్టు విడిపించుకుపోయినవాళ్లు మాత్రం ఈ దీవిలో బోలెడుమంది. కాఫీ దుకాణంలో కనబడితే ఇప్పటికీ నవ్వుతారు. మా పిల్లకి దక్కాల్సిన చోటుని పోగొట్టబోయింది కూడా నేనే.

కాని దాన్ని తిరిగి తెచ్చిందీ నేనే. ఆ వారం లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కి కూరలకి వెళ్లినప్పుడల్లా ఆమెను వెంటబెట్టుకెళ్లి, రెండు చేతులకీ సంచులు తగిలించాను. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో కొబ్బరికాయలు, పైకి పొడుచుకొచ్చే ములక్కాడలు. చేతులు ఖాళీ లేనప్పుడు ఎవర్ని పట్టుకుంటుంది? సాయంత్రం రద్దీలో, వెనక మోకాళ్లనొప్పుల అమ్మమ్మ. పిల్ల మోకాళ్లు వంచి, భుజం ముందు పెట్టి, "ఎక్స్‌క్యూజ్ మీ ఆంటీ, సారీ అంకుల్" అంటూ దారి చేసుకుంటూ పోతుంటే, మా ఆవిడ రాణీగారిలా నడిచొచ్చింది. ఆ వెనక నేను, చేతులూపుకుంటూ.

రెండో ఆదివారం మా పిల్ల పిడికిళ్లు బిగించి, సంచులు ఇంకా చేతుల్లో ఉన్నట్టే ఉరికింది. ఎదుటి అమ్మాయికి భుజం తగిలింది, దారి తెరుచుకుంది, వెనక బంతితో ఉన్న పిల్ల గీత దాటేసింది. పసుపుపచ్చ గుడ్డ అంపైరు జేబులోంచి బయటికి రాలేదు. ఈసారి పక్కవాళ్లను చూసుకున్నాకే చప్పట్లు కొట్టాను. కోచ్ ఆ సాయంత్రమే చోటు ఖాయం చేశాడు.

ఇంతవరకూ రాసి, అన్నాల దగ్గర చదివి వినిపించాను. చివర్లో "ఆ సంచుల ఉపాయం నాకు ఎలా తట్టిందంటే" అని మొదలుపెట్టబోయాను.

మనవరాలు అన్నంలోంచి తలెత్తలేదు. "ఏం ఉపాయం తాతా? పరుపు ఎత్తబోయి నీ నడుం పట్టేసింది. సంచులు మోయలేక నాకిచ్చావు, అంతే లా."