అక్క చెప్పిన చుక్కలు

2006 డిసెంబరు 16, శనివారం, తెల్లవారుజామున అయిదుంబావుకు మేమిద్దరం కలిసి ముగ్గు వేయడం మొదలుపెట్టాం. తమిళుల మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం, మొదటి రోజు. నాకు అరవై ఆరు, అక్కకు డెబ్బై మూడు. అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. పెళ్లయినప్పటి నుంచి ముత్తియాల్‌పేటలో ఒకే వంటింట్లో మసలినవాళ్లం. నా కళ్లకు పొరలు కమ్మి చుక్కలు ఆనడం లేదు. అక్కకు మోకాళ్లు వంగడం లేదు.

"నీకు నడుముండాది, నాకు కండ్లుండాయి. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి ఆడది వస్తాది," అంది అక్క.

ఆమె అరుగు మీద కూర్చుని చెప్పేది, నేను వంగి వేసేదాన్ని. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది దాకా. మెలికల ముగ్గులన్నీ ఆమెకు నోటికి వచ్చు.

"కుడి పక్కకు తిప్పు. మళ్లా కింద చుక్క. యాడికి పోతా ఉండావు మే, అంగడికా?"

"నడుం పట్టిందక్కా."

"పట్టనీ. ఈ వయసులో మనల్ని పట్టుకునేది అదొకటే."

ఎదురింటామె ఆ ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచేది. బాగుందని మాత్రం ఒక్కసారీ అనలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో నా కళ్లకు ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్లీ ముగ్గుకు వంగిన రోజున చూస్తే, అక్క చెప్పినట్టే వేసిన గీతలు చుక్కలను చుట్టడం లేదు, వాటి మీదుగా పోతున్నాయి. ఒక మూల విడిపోయి ఉంది.

"ఆ మూల కలిసిందా అక్కా?"

"చక్కగా కలిసింది."

తలెత్తాను. ఆమె ముఖం ముగ్గు వైపు లేదు, వీధి వైపు ఉంది. పిండి డబ్బా ఆమె పక్కన పెట్టాను. అందుకోమంటే చేత్తో తడుముకుంది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన మార్గళికి ముందే మసక."

"చెప్పలేదే?"

"చెప్తే లోపల కూర్చోబెడతారు. కాళ్లూ లేవు, కండ్లూ లేవంటే నాకింక మిగిలింది నోరే. ఉత్త నోటికి ఎవురు కూడు పెడతారు?"

నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే అక్కనూ చూసింది. ఇది పొర కాదు, కంటి నరం ఎండిపోయింది, ముందే వచ్చి ఉంటే అప్పటి చూపయినా మందుతో నిలిచేది అంది. తిరిగి వస్తుంటే ఆటోలో అక్క, "ఎండిందంట. నూనెలో వేయిస్తే వడియాలన్నా అవతాయేమో," అంది.

నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

"నవ్వు మే. నువ్వు నవ్వితేనే కదా యాడుండావో నాకు తెలిసేది."

మర్నాడు పిలిస్తే రాలేదు. "నీకు కనపడతా ఉంది కదా, నేనేంటికి," అంది. ఎంత బతిమాలినా మళ్లీ అరుగు మీదికి రాలేదు. 2009 ఫిబ్రవరిలో పోయింది.

పోయినవి ఇవి. ముందు అక్క కుడి కన్ను, తరువాత ఎడమది. ఆమెకు నోటికి వచ్చిన ముగ్గుల్లో నాకు పట్టుబడిన నాలుగు తప్ప మిగిలినవన్నీ. పొద్దున్నే నన్ను ఎగతాళి చేసే మనిషి.