తమ్ముడి పెళ్లి డీవీడీలో బాపు

గౌడవెల్లి ఎల్లయ్యకు తమ్ముడి మీద కడుపుమంట కొత్త కాదు. మేడ్చల్ మందుల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లుగా పని. సుచిత్ర చౌరస్తాలో ఓ పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి, తంటాలు పడి తనే నేర్చుకున్నాడు. వాడలో డీవీడీ ఆడే కంప్యూటర్ ఇప్పుడు అదొక్కటే కాబట్టి అందరూ అతన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిన ఒక్క మనిషి, కన్నతండ్రి బాపు, చచ్చేదాకా తమ్ముడు యాదయ్యనే మెచ్చుకున్నాడు. పొలం వదిలి ఫ్యాక్టరీకి పోయాడని ఎల్లయ్య పెళ్లిలో అలిగి మూలన కూర్చున్న పెద్దమనిషి, యాదయ్య పెళ్లి బరాత్‌లో చిందులు వేశాడట. ఆ రోజు ఎల్లయ్య వంటల దగ్గర చిక్కుకుపోయి చూడనే లేదు.

ఆ చిందులున్న డీవీడీని ఆదివారం పొద్దున యాదయ్య, అతని భార్య లత పట్టుకొచ్చారు.

"నడుస్తలేదే అన్నా. బాపు కదిలేది గిందులనే ఉన్నది. జర కాపీ జేసియ్యవా?" అన్నాడు యాదయ్య.

"వెట్టిపోండ్రి. పొద్దుమీకి రాండ్రి."

కాపీ నలభై ఒక్క శాతం దగ్గర ఆగింది. డ్రైవ్ గరగరమంది. ఇంకో డిస్కు వేస్తే చక్కగా నడిచింది, అంటే తప్పు డ్రైవ్‌ది కాదు. తీసి తిరగేసి చూసిన ఎల్లయ్య నోరు తెరిచాడు. మెరిసే వైపు ఐదు చోట్ల పసుపు, కుంకుమ బొట్లు! పెత్తరమాస అమావాస్యకు చనిపోయిన పెద్దలకు పెట్టుకున్నప్పుడు, మామ ఇందులోనే ఉన్నాడు కదా అని లత ఫోటోకు పెట్టినట్టు దీనికీ పెట్టి ఉంటుంది. మెరిసేదే ముఖమనుకుంది పాపం.

నవ్వు రావాలి. రాలేదు. తన ఇంట్లో బాపు ఫోటోకు దండ మార్చే దిక్కు లేదు, తమ్ముడింట్లో డిస్కుకు కూడా బొట్లా అని ఒళ్లు మండింది.

మెత్తటి గుడ్డను సబ్బునీళ్లలో ముంచి పిండి, గుండ్రంగా రుద్దకుండా నడిమి నుంచి అంచుకు తుడిచాడు. ఆరాక మళ్లీ పెట్టాడు. నలభై ఒకటి దాటింది. అరవై, తొంభై. మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఇక ఖాళీ డిస్కులోకి రాసివ్వడమే తరువాయి. ఎల్లయ్య ఖాళీ డిస్కు చేతిలోకి తీసుకున్నాడు గానీ రాయలేదు. ఇన్నేళ్లూ బాపు వాళ్లవాడే. ఇప్పుడైనా తనకొక్కడికే ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

సాయంత్రం ఇద్దరూ వచ్చారు.

"గీతలు వడ్డయి తమ్మీ. ఇగ రాదు," అన్నాడు డిస్కు చేతికిస్తూ, ముఖం చూడకుండా.

యాదయ్య గడపలోనే కూలబడ్డాడు. లత మాత్రం డిస్కును కళ్లకద్దుకుంది. "పోనియ్ బావా. కనవడకుంటే ఏంది, మామ ఇందులనే ఉన్నడు గద. మల్ల పెత్తరమాసకు బొట్లు వెడ్త," అంది.

వాళ్లు వెళ్లగానే ఎల్లయ్య తలుపు గడియ పెట్టి వీడియో ఆడించాడు. బాపు తువ్వాల ఊపుతూ చిందులేస్తున్నాడు. ఎల్లయ్య కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. బాపు చేయి చాచి, "యాదీ, దిగురా బిడ్డా! నాతోని రెండడుగులెయ్యి," అంటూ జీపు మీది పెళ్లికొడుకును కిందికి లాక్కున్నాడు.

ఎల్లయ్య వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. దొంగిలించి దాచుకున్న బాపు ఈసారి కూడా యాదయ్యనే పిలిచాడు.